చైనా హోటల్లో శాకాహార విందు

1955 ఎండాకాలం మొదట్లో నన్ను రాయచోటి నుంచి కర్నూలుకు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. అప్పటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. హోదా వచ్చింది గానీ, దానికి తగ్గ ఇళ్లు, నీళ్లు, మురుగుకాలవలు రాలేదు. మద్రాసు నుంచి తరలివచ్చిన ఆఫీసులు కొన్ని డేరాల్లోనే నడిచేవి. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కుటుంబాలు సర్దుకునేవి. తుంగభద్ర సన్నబడి, హంద్రీ ఇసుకలో జనం చెలమలు తవ్వుకునే రోజులు వస్తే మా శాఖలో ఎవరికీ కంటిమీద కునుకుండేది కాదు. కలరా అనే మాటను మేము ఆఫీసులో కూడా గొంతు తగ్గించే పలికేవాళ్లం.

శానిటరీ ఇన్‌స్పెక్టరంటే జనం దృష్టిలో మురుగుకాలవ పక్కన నిలబడి కేకలేసే మనిషి. నిజానికి బావుల్లో బ్లీచింగు పౌడరు వేయించడం, టీకాలు వేయించడం, హోటళ్ల వంటిళ్లు తనిఖీ చేయడం, రోగం పుడితే అది ఎక్కడ పుట్టిందో వెతకడం మా పని. మాపైన హెల్త్ ఆఫీసరు ఉండేవారు. ఆయన డాక్టరు. మేము సిఫారసు చేస్తే ఆయన సంతకం పెట్టేవారు. హోటలు లైసెన్సు నిలిచేదీ పోయేదీ ఆ సంతకంతోనే.

ఆ రోజుల్లో కర్నూలులో ఒక చైనా హోటలు ఉండేదంటే ఇప్పటివాళ్లు నమ్మరు. నడిపేవాడి పేరు చాంగ్. కర్నూలు నోళ్లలో పడి అది వారం తిరక్కుండానే చాంగప్ప అయింది. యుద్ధానికి ముందు రంగూన్‌లో వాళ్లకు హోటలుండేదట. రేవులో పనిచేసే మన కూలీలే గిరాకీలు కాబట్టి తెలుగు అక్కడే పట్టుబడింది. బాంబులు పడి హోటలు పోయాక, భార్యతో కాలినడకన సరిహద్దు దాటి, నానా అగచాట్లూ పడి మద్రాసు చేరాడు. అక్కడ అతని వంట మరిగిన గుమాస్తాలు కర్నూలుకు వస్తుంటే వాళ్ల వెంటే వచ్చి, పాతూళ్లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. విదేశీయుడు కాబట్టి పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకుని, వాళ్ల అనుమతితో ఊళ్లో ఉండేవాడు.

ఆ హోటల్లో తినేవాళ్లకంటే దాని గురించి మాట్లాడేవాళ్లే ఎక్కువ. నూడుల్సును కొందరు సేమ్యా అనేవారు, కొందరు వానపాములనేవారు. అతను వచ్చిన తర్వాత హంద్రీలో కప్పల అరుపు తగ్గిపోయిందని ఒక పెద్దమనిషి నాతోనే అన్నాడు. వానలు లేక తగ్గిందండీ అంటే ఆయన నమ్మలేదు. నేను తనిఖీకి రెండుమూడుసార్లు పోయాను. ఇనుప బాణళ్లు తోమి బోర్లించి ఉండేవి, తాగే నీళ్లు కాచి మూతపెట్టి ఉండేవి. ఊళ్లో పేరున్న హోటళ్లకు పోయినప్పుడు ముక్కు మూసుకోవలసి వచ్చేది గానీ అక్కడ ఎప్పుడూ రాలేదు. అయితే నేను అక్కడ తినలేదు. తనిఖీ చేసే చోట తినకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం.

ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎవరికో ప్రమోషన్ వచ్చి విందు ఇవ్వవలసి వచ్చింది. కుర్ర గుమాస్తాలు చైనా హోటలే కావాలని పట్టుబట్టారు. ఆ ఆఫీసు సూపరింటెండెంటు రామశేషయ్యగారు నిష్ఠాపరుడు. కడప వైపు మనిషి, మద్రాసులో ఎంతకాలం ఉన్నా మడి సడలనివ్వలేదు. సగంమందికి పైగా శాకాహారులు కావడంతో ఆయన షరతులు పెట్టి ఒప్పుకున్నారు. శాకాహారం వేరే పొయ్యిమీద వండాలి, మాంసం తగిలిన పాత్ర వాడకూడదు, పాత్ర తన ఇంటినుంచే పంపుతారు. పైగా, ఆ రోజు వంటింట్లోకి మాంసం రాకముందే ఆ వంట ముగించి మూతపెట్టాలి. చాంగప్ప అన్నింటికీ తలూపాడు.

విందు ఒక సాయంత్రం జరిగింది. విస్తళ్లు ఎత్తారో లేదో, వాంతులు మొదలయ్యాయి. కొందరు హోటలు ముందే కూలబడ్డారు, కొందరు జట్కాల్లో ఇంటికి పోతూ దారిలో దిగి గోడలు పట్టుకున్నారు. దీపాలు పెట్టేవేళకు సంగతి ఊరంతా పొక్కిపోయింది. పాము వండి పెట్టాడన్నవాళ్లు కొందరు, కలరా దిగిందన్నవాళ్లు కొందరు. హోటలు మీద రాళ్లు పడకుండా ఇద్దరు పోలీసులు కాపలా నిలబడవలసి వచ్చింది.

ఆసుపత్రి డాక్టరు నాతో ఒక మంచి మాట చెప్పాడు. ఎవరికీ జ్వరం లేదు, విరేచనాలు పెద్దగా లేవు, ఉన్నదల్లా వాంతులే. కలరా పురుగు కడుపులో పడ్డాక రోగం తలెత్తడానికి సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది. దాన్ని ఇంక్యుబేషన్ అంటాం. చేతులు కడుక్కునేలోగా వచ్చిందంటే అది పురుగు పని కాదు, విషం పని. నా ప్రాణం సగం కుదుటపడింది. మిగతా సగానికి ఆ విషం ఏమిటో తేలాలి.

హెల్త్ ఆఫీసరుగారికి అంత ఓపిక లేదు. రాజధానిలో ఉద్యోగులు ఒకేసారి పడిపోతే పైనుంచి ఎన్ని ప్రశ్నలు వస్తాయో ఆయనకు తెలుసు. రామశేషయ్యగారు మంచంమీదనుంచే ఫిర్యాదు పంపారు. లైసెన్సు రద్దు ఉత్తర్వు అప్పుడే టైపుమిషను ఎక్కింది. మరునాడు సాయంత్రానికి రిపోర్టు ఇవ్వమని ఆయన నాతో అన్నారు. ఎటువంటి రిపోర్టు కావాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పొద్దున్నే హోటలుకు పోయాను. చాంగప్ప మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లైసెన్సు తీసేస్తే పోలీసులు ఊళ్లో ఉండనీరు సార్. రంగూన్ పాయ, మద్రాసులో ఉన్నిందంతా అమ్ముకుని ఈడికొస్తిమి. ఇంగ యాడికి పోవల్ల?" అన్నాడు.

అది నా ఒక్క రిపోర్టుమీద ఉందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. జాలిపడి రిపోర్టు రాయలేను, భయపడి కూడా రాయకూడదు. వంటిల్లు చూపించమన్నాను. సరుకులు, నీళ్లు, పాత్రలు అన్నీ చూశాను. తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు నిన్నటి వంట మొదటినుంచి చెప్పమన్నాను.

శాకాహారుల కోసం కొత్త మట్టికుండలో అన్నం వండి, ఒక కూర చేశాడట. కూరగాయలు, టమాటాలు, చక్కెర, చాలినంత వెనిగరు. వెనిగరంటే పులియబెట్టి తీసిన పుల్లటి నీళ్లు, మన వంటకు చింతపండు ఎంతో వాళ్ల వంటకు అదంత. మాంసం తేకముందే వండాలన్నారు కాబట్టి కూర పొద్దున్నే వాళ్లిచ్చిన తపేలాలో వండి, అందులోనే మూతపెట్టి, సాయంత్రం మళ్లీ వెచ్చచేసి వడ్డించాడు. ఎటువంటి తపేలా అని అడిగాను.

"ఇత్తడిది సార్. విందు కాగానే వాళ్ల జవాను ఎత్తుకుపోయినాడు."

నా చెవులు నిక్కాయి. ఇత్తడిలో రాగి ఉంటుంది. పులుపు తగిలితే అది కరుగుతుంది. అందుకే లోపల తగరం పూత వేయిస్తారు, దాన్నే మనం కళాయి అంటాం. పూత పోయిన పాత్రలో పుల్లటిది పొద్దస్తమానం నానితే అది కూర కాదు, వాంతి మందు. ఎవరెవరు జబ్బుపడ్డారని అడిగాను, శాకాహారులేనా అని. అక్కడ నా ఆశకు గండి పడింది. చాంగప్ప భార్య ఎప్పుడూ పెదవి విప్పేది కాదు. ఆవిడ అప్పుడు తడబడుతూ చెప్పింది, శాకాహారుల్లో ఒకతను వెనకగదిలో కూర్చుని కోడిమాంసం వేసిన నూడుల్సే తిన్నాడట, కూర ముట్టలేదట. ఎవరికీ చెప్పవద్దని బతిమాలాడట. అతన్నీ బండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఇనుప బాణలిలో వండింది తిన్నవాడు కూడా పడిపోయాడంటే తపేలా మీద తప్పు నిలవదు. అది నిలవకపోతే చాంగప్ప నిలవడు. సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి పోతుంటే నాకు దారి పొడవునా మనసు మనసులో లేదు.

ఆ మనిషి పేరు నరసింహం. చిన్న గుమాస్తా, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. వార్డులో అందరికంటే గట్టిగా మూలుగుతున్నాడు. కానీ తక్కినవాళ్లు గుక్కెడు నీళ్లు తాగడానికే జంకుతుంటే, ఇతను నర్సును ఇడ్లీలు ఎప్పుడు పెడతారని అడగడం నేను విన్నాను. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నిన్న ఏం తిన్నావని అడిగాను. అందరూ తిన్నదే తిన్నానన్నాడు.

"ఆ కూర ఎట్లుండె?"

"బాగుండె సార్. కారంగా, ఉప్పుప్పగా."

అంతకుముందు ఆ వార్డులో నేను మాట్లాడిన ప్రతివాడూ ఆ కూర తియ్యగా పుల్లగా ఉందనీ, తిన్నాక నోట్లో రాగిచెంబు నాకినట్టు చేదెక్కిందనీ చెప్పాడు. నేను స్టూలు దగ్గరికి జరుపుకుని అతని మొహంలోకి చూశాను. మూలుగు ఆగిపోయింది. దుప్పటి గడ్డందాకా లాక్కుని, అటూ ఇటూ చూసి గుసగుసగా చెప్పాడు.

"మా నాయన రాజంపేటలో పౌరోహిత్యం చేస్తాడు సార్. నేను కోడి తిన్నానంటే గడప తొక్కనీయడు. కూర తిన్నోళ్లంతా పడిపోతాంటే నేనొక్కడినే రాయిమాదిరి నిలబడితే అడగరా? అందుకే నేనూ పడిపోయినా."

"నిజంగా నీకేం కాలేదా?"

"ఆకలి అవుతాండాది సార్. నిన్నటినుంచి గంజి తప్ప ఏం పెట్టలేదు."

అతన్ని లాగి ఒకటి ఇవ్వాలనిపించింది, అంతకంటే ఎక్కువగా నవ్వు వచ్చింది. ఇటువంటి రోగి ఏ వైద్యగ్రంథంలోనూ ఉండడు, మన దగ్గరే ఉంటాడు. అతని పేరు బయటపెట్టనని మాట ఇచ్చి, జబ్బు నయమైందని చెప్పి వెంటనే ఇంటికి పొమ్మన్నాను. అక్కడినుంచి వాళ్ల ఆఫీసుకు పోతే, మాంసం తిన్నవాళ్లందరూ నిక్షేపంగా పనిచేసుకుంటున్నారు. అది ఎవరికీ వింతగా తోచలేదట. మాంసం అరిగించుకునే కడుపులకు విషం ఒక లెక్కా అని అనుకున్నారు. శాకాహారుల్లో ఒక పెద్దాయన కూడా బాగానే ఉన్నాడు. ఆయన చైనా కూర వద్దని అన్నంలో పెరుగు కలుపుకుని తిన్నాడు. ఇక నాకు సందేహం లేదు, తపేలా చూడటమే మిగిలింది.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. మాది కడప జిల్లాలో ఊరి బయట పల్లెలో ఉండే క్రైస్తవ కుటుంబం. నా పేరు యేసురత్నం. వేరే గ్లాసు, వేరే చెంబు అనే ఏర్పాటు నాకు రెండోవైపునుంచి బాగా తెలుసు. ఉద్యోగరీత్యా చాలా ఇళ్లలో బావులు, దొడ్లు చూశాను గానీ రామశేషయ్యగారి వంటి ఇళ్లలో నన్ను వసారా దాటి రమ్మన్నవాళ్లు లేరు. ఆ ఇంటి వంటపాత్ర నా చేతికి ఇవ్వమని అడగబోతున్నాను. భయమేసింది, ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

రామశేషయ్యగారు వసారాలో పడక్కుర్చీలో నీరసంగా ఉన్నారు. నా మాట వినగానే నీరసం ఎగిరిపోయింది.

"చీనావాడి వంటింట్లో విషముంటే నా ఇంట్లో వెతుకుతావేమయ్యా?" అని గద్దించారు.

లోపలినుంచి ఆయన భార్య సావిత్రమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. ఏ తపేలా నాయనా అని నన్నే అడిగారు. చెప్పాను. ఆ కూరలో పులుపు పోశారా అని అడిగారు. పోశారన్నాను. ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"అయ్యో, అది అన్నం వండుకునేది కదా! కళాయి పోయి శాన్నాళ్లాయె. పులుసు కాస్తే చిలుమెక్కుతాదని మేము దాంట్లో చింతపండు నీళ్లు కూడా పోయం. జవాను వచ్చి పెద్ద తపేలా ఇమ్మంటే, అన్నానికేమో అనుకొని ఇస్తి. ఎవురూ నన్ను అడగలేదే!"

తపేలాలో ఏ వంట చేయకూడదో ఆ ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు. వంటింట్లోకి తొంగిచూడని రామశేషయ్యగారికి తెలియదు. ఇత్తడిలో ఏనాడూ వండని చాంగప్పకు తెలియదు. నేను తపేలాను మా ఆఫీసుకు తీసుకుపోయి హెల్త్ ఆఫీసరుగారికి చూపించాలన్నాను. రామశేషయ్యగారు నా చేతుల వంక చూశారు, తర్వాత నేలవంక చూశారు. జవాను వస్తే పంపిస్తానని గొణిగారు. జవాను వచ్చేసరికి సాయంత్రమవుతుంది, సాయంత్రానికి ఉత్తర్వుమీద సంతకం పడుతుంది.

సావిత్రమ్మగారు లోపలికి పోయి తపేలాతో తిరిగివచ్చారు. భర్తతో ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"కళాయి పోసే సాయిబు చేతికి ఇచ్చేటప్పుడు లేని మడి ఇప్పుడేంది? వాడు దాంట్లో కాలు పెట్టి తొక్కి తోముతాడు. ఆ పొద్దు మీరు చూడలేదు కాబట్టి సరిపాయె."

తపేలాను నేలమీద పెట్టలేదు. నా చేతికే ఇచ్చారు. సాక్ష్యంగా నేను అడిగిన పాత్ర అది, అంతే. అయినా దాన్ని అందుకున్నప్పుడు నాకు సంతోషం వేసింది, దాచడమెందుకు. వెలుతురులో వంచి చూస్తే అడుగంతా పచ్చటి ఇత్తడి బయటపడి ఉంది. తెల్లటి కళాయి అంచుల దగ్గర మాత్రం చారలుగా మిగిలింది.

లేబరేటరీకి పంపితే మద్రాసునుంచి జవాబు వచ్చేసరికి చాంగప్ప ఏ ఊళ్లో ఉంటాడో దేవుడికే తెలియాలి. అందుకని హోటలునుంచి అదే వెనిగరు తెప్పించి, తపేలాలో పోసి మరిగించి, మూతపెట్టి హెల్త్ ఆఫీసరుగారి బల్లపక్కనే ఉంచాను. కాస్త వెనిగరు పింగాణీ గిన్నెలో విడిగా ఉంచాను. ఆయన చిరాకుపడ్డారు గానీ తీసేయమనలేదు. సాయంత్రం మూత తీసి, తపేలాలోది ఇంకో పింగాణీ గిన్నెలో పోశాను. రెండు గిన్నెలూ ఆయన ముందు పెట్టాను. ఒకదానిలో వెనిగరు ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. రెండోది ఆకుపచ్చగా మారి ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండింటినీ చూశారు. తర్వాత టైపు చేసి ఉంచిన ఉత్తర్వు తీసి, చింపి, చెత్తబుట్టలో వేశారు.

"నేను సంతకం పెట్టేవాణ్ణయ్యా," అన్నారు. అంతకుమించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

నేను తపేలాను తిరిగి అప్పగించడానికి పోయినప్పుడు రామశేషయ్యగారు ఒకే ప్రశ్న అడిగారు, రిపోర్టులో ఎవరి పాత్రని రాస్తావని. తన సిబ్బందిని తన తపేలాయే పడగొట్టిందంటే ఆఫీసులో తలెత్తుకు తిరగలేనని ఆయన భయం. కళాయి లేని ఇత్తడి పాత్ర అని రాశాననీ, మా శాఖకు కావలసింది కారణమే గానీ యజమాని కాదనీ చెప్పాను. ఆయన ఫిర్యాదు వెనక్కు తీసుకున్నారు. జబ్బుపడ్డవాళ్లందరూ రెండుమూడు రోజుల్లో లేచి తిరిగారు. కలరా లేదని ఊళ్లో దండోరా వేయించాం. ఆ దండోరా శబ్దం వింటుంటే నాకు పెళ్లిమేళం విన్నంత హాయిగా ఉండింది.

చాంగప్పకు నేనే పోయి చెప్పాను. అతను అరవలేదు, ఏడవలేదు. భార్యవైపు తిరిగి వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పాడు. ఆవిడ అక్కడే పొయ్యిగట్టుమీద కూర్చుండిపోయింది. తర్వాత అతను శాకాహారుల కోసం వేరే ఇనుప బాణలి కొని దాని పిడికి ఎర్రరంగు వేశాడు. రంగు చూసి నమ్మకం కలిగినవాళ్లు మళ్లీ వచ్చారు. విచారణ ముగిసి ఫైలు మూసేశాక, ఒక ఆదివారం మా చర్చిలో ఆరాధన అయిన తర్వాత, నేను నా నియమాన్ని పక్కనపెట్టి మా ఆవిడను అక్కడికి తీసుకుపోయాను. ఆమె నూడుల్సు ఒక ముద్ద తిని, బాగానే ఉండాయి గానీ రెండు ఎండుమిరపకాయలు వేయించి తెమ్మని అడిగింది. కడుపునిండా తిని, బిల్లు కట్టి వచ్చాం. అన్నాళ్లూ తినకుండా ఎందుకుండిపోయానా అనిపించింది.

ఆ తర్వాత సర్వీసులో విందుల్లో, పెళ్లిళ్లలో, హాస్టళ్లలో ఇటువంటి సంఘటనలు చాలా చూశాను. ప్రతిచోటా పని ఒకే పద్ధతిలో మొదలుపెట్టాను. పడిపోయినవాళ్లను చూడటానికి డాక్టరు ఉంటాడు. ఇన్‌స్పెక్టరు ముందుగా పోవలసింది, అదే పంక్తిలో కూర్చుని ఏమీ కానివాళ్ల దగ్గరికి. వాళ్లు ఏం తిన్నారో, ఏం తినలేదో అడగాలి. వాళ్లు అబద్ధం చెబితే అది విషాన్ని దాచడానికే అనుకోకూడదు. మన దేశంలో మనిషి తాను తిన్నది దాచడానికి ఇంకా చాలా కారణాలు ఉంటాయి, అవి తెలుసుకోనివాడు రిపోర్టు రాయకూడదు.